పాత లెన్సు, క్రొత్త కెమెరా - నడుమ నుండు కడియము

గ్రామములందు వీడియో కెమెరా నేడు వింత వస్తువు కాదు. పెండ్లి పందిరిలోను, జాతరలోను, బడి వార్షికోత్సవములోను అది కనిపించుచునే యున్నది. అయితే ఆ కెమెరా పెండ్లి పందిరి దాటి సభాస్థలికి వచ్చి కొంతకాలమైనది. ఒక గనికిగాని, కర్మాగారమునకుగాని పర్యావరణ అనుమతి ఇచ్చుటకు ముందు బహిరంగ విచారణ జరుగునపుడు, ఆ విచారణను ఆద్యంతము వీడియో తీయవలెనని కేంద్ర ప్రభుత్వము 2006 సెప్టెంబరులో వెలువరించిన పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన నిర్దేశించినది. ఆ వీడియో ప్రతిని విచారణ నివేదికతో జతపరచి పైకి పంపవలెను. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ 2025 ఆగస్టులో ‘సభాసార్’ అను సాధనమును ప్రవేశపెట్టినది. గ్రామసభలో తీసిన వీడియోనుగాని, శబ్దముద్రణనుగాని దానికి అందించినచో సభా కార్యక్రమపు నమోదును తయారుచేసి యిచ్చును. కావున సభలో ఎవరు లేచి ఏమి చెప్పినారో, ఏ కాగితము చూపినారో తెలుపు సాక్ష్యముగా వీడియోకు విలువ ఏర్పడినది.

ఈ సందర్భమున ఒక సర్పంచ్ గారు నన్నడిగిన ప్రశ్న ఈ వ్యాసమునకు కారణము. “మా ఊరి స్టూడియో ఆయన బీరువాలో పాత ఫిల్ము కెమెరా లెన్సులు నాలుగున్నాయండి. మేం కొత్త కెమెరా కొంటే వాటికి అవి పనికొస్తాయా, లేక మళ్ళీ లెన్సుల కోసం వేరే డబ్బు పెట్టాలా?” అని వారడిగినారు. పనికివచ్చును. కెమెరా ఖరీదు కంటె లెన్సుల ఖరీదే మించిపోవు ఈ రోజులలో పంచాయతికి అది కొంత ఊరట కూడ. అయితే ఆ రెంటిని కలుపు అడాప్టరు అను కడియము ఏ పని చేయునో, ఏ పని చేయజాలదో ముందుగా తెలిసికొనక సభకు పోయినచో, తిరిగి జరుపుటకు వీలులేని సభ పాడగును.

ముందుగా ఒక మాట. ప్రతి సభకును ఇంత సరంజామా కావలెనని నా అభిప్రాయము కాదు. పగటిపూట రచ్చబండ వద్ద ముప్పది నలుబది మంది కూర్చున్న సభకు మంచి సెల్‌ఫోను, దానిని కదలకుండ నిలుపు ఒక స్టాండు చాలును. చీకటి పడిన తరువాత, పది మీటర్ల ఆవల నిలిచి మాట్లాడు మనిషి ముఖమును, ఆ మనిషి చేతిలోని కాగితమును స్పష్టముగా పట్టవలసి వచ్చినపుడే సామాన్యమైన సెల్‌ఫోను చేతులెత్తివేయును. అప్పుడు దూరపు వస్తువును దగ్గరకు తెచ్చునదియు, కాంతిని ఎక్కువగా లోనికి రానిచ్చునదియు నగు లెన్సు కావలెను. పాత ఫిల్ము కెమెరాల లెన్సులలో అట్టివి పెక్కు కలవు.

లెన్సు మార్చుకొను వీలున్న కెమెరాకు ముందు భాగమున గుండ్రని లోహపు నోరు ఒకటి ఉండును. లెన్సు వెనుక అంచు ఆ నోటిలో ఇమిడి, కొంచెము త్రిప్పగనే బిగిసి నిలుచును. ఈ కూర్పునకే మౌంటు అని పేరు. ఒక్కొక్క సంస్థ తన కెమెరాలకు ఒక్కొక్క విధమైన మౌంటును ఏర్పరచుకొన్నది. 42 మిల్లీమీటర్ల వ్యాసముతో మరలు చుట్టిన మౌంటు 1949 నాటి జర్మను కాంటాక్స్ కెమెరాతో వచ్చి, పిమ్మట జపాను పెంటాక్స్ కెమెరాలలోను, సోవియట్ దేశపు జెనిట్ కెమెరాలలోను వ్యాపించినది. దానిని ఎం-42 అందురు. నైకాన్ వారి ఎఫ్ మౌంటు 1959లోను, కానన్ వారి ఈఎఫ్ మౌంటు 1987లోను వచ్చినవి. మన పట్టణములలోని పాత స్టూడియోలలో కనిపించు లెన్సులు చాలవరకు ఈ మూటిలో ఏదో ఒక కుదురునకు చెందినవే.

ఒక కొలత పైపును మరియొక కొలత మోటారు నోటికి కలుపవలసి వచ్చినపుడు రైతు రెడ్యూసరు తెచ్చి బిగించును. అడాప్టరు కూడ అట్టిదే. ఒక ప్రక్క పాత లెన్సునకు సరిపడు నోరు, రెండవ ప్రక్క క్రొత్త కెమెరాకు సరిపడు అంచు, నడుమ బోలుగా నున్న లోహపు గొట్టము. సాధారణమైన అడాప్టరులో అద్దమేమియు ఉండదు. కాని పైపునకు నీరు కారకుండిన చాలును. లెన్సునకు అట్లు కాదు. అది బిగిసినంత మాత్రమున పని పూర్తి కాలేదు. దూరము కూడ కుదురవలెను.

ఈ దూరపు సంగతి తెలియుటకు చిన్ననాటి ఆట ఒకటి జ్ఞాపకము చేసికొన్న చాలును. భూతద్దమును ఎండలో పట్టి కాగితమును కాల్చని బాలుడు అరుదు. అద్దము కాగితమునకు ఒక నిర్ణీతమైన దూరమున నున్నప్పుడే సూర్యబింబము చుక్కవలె కుదించుకొని కాగితము పొగయును. ఒక వ్రేలి వెడల్పు ముందుకుగాని వెనుకకుగాని జరిగినచో చుక్క పెద్దదై, వేడి తగ్గిపోవును. కెమెరాలో కాగితమునకు బదులు సెన్సరు అను పలక యున్నది. లెన్సు ఆ పలకకు తగిన దూరమున నిలిచినప్పుడే చిత్రము తేరుకొనును. అందుచేత ప్రతి సంస్థయు తన కెమెరా మౌంటు అంచు నుండి లోపలి పలక వరకు ఎంత దూరముండవలెనో నిర్ణయించి, లెన్సులన్నిటిని ఆ దూరమునకే తయారుచేయును. దీనిని మనము మౌంటు దూరము అందము.

నైకాన్ ఎఫ్ మౌంటు దూరము 46.5 మిల్లీమీటర్లు. ఎం-42 మౌంటునకు 45.46, కానన్ ఈఎఫ్ మౌంటునకు 44. ఇవి అన్నియు పెద్ద దూరములు. కారణమేమనగా, ఆ కెమెరాలలో లెన్సునకును పలకకును నడుమ ఏటవాలుగా ఒక అద్దము నిలిచి, ఎదుటి దృశ్యమును పైకి మరలించి కన్ను పెట్టి చూచు కిటికీకి చేర్చుచుండును. ఆ అద్దము లేచి పడుటకు చోటు కావలెను. 2008లో పానసోనిక్ సంస్థ అద్దము లేని జీ-1 అను కెమెరాను తెచ్చినది. దాని మౌంటు దూరము 19.25 మిల్లీమీటర్లు మాత్రమే. తరువాత 2010లో సోనీ వారి ఈ మౌంటు 18 మిల్లీమీటర్లతోను, 2018లో కానన్ వారి ఆర్ఎఫ్ మౌంటు 20 మిల్లీమీటర్లతోను, నైకాన్ వారి జెడ్ మౌంటు 16 మిల్లీమీటర్లతోను వచ్చినవి. అద్దము తొలగుటచే ఖాళీ అయిన ఆ చోటే అడాప్టరునకు నివాసమైనది.

ఇక మిగిలినది తీసివేత లెక్క. నైకాన్ ఎఫ్ లెన్సును సోనీ ఈ మౌంటు కెమెరాకు తగిలింపవలెనన్నచో 46.5 నుండి 18 తీసివేయగా 28.5 మిల్లీమీటర్ల మందము గల అడాప్టరు కావలెను. ఎం-42 లెన్సును అదే కెమెరాకు తగిలించుటకు 27.46 మిల్లీమీటర్లు. కానన్ ఈఎఫ్ లెన్సును కానన్ ఆర్ఎఫ్ కెమెరాకు తగిలించుటకు 24 మిల్లీమీటర్లు. లెన్సు దూరము పెద్దదై, కెమెరా దూరము చిన్నదైనప్పుడు ఈ లెక్క సుఖముగా తెగును. దీనికి విపర్యయముగా సోనీ ఈ మౌంటు లెన్సును పాత నైకాన్ కెమెరాకు తగిలించుట సాధ్యము కాదు. దానిని కెమెరా పొట్టలోనికి 28.5 మిల్లీమీటర్లు దింపవలసి వచ్చును. కొన్ని చోట్ల తేడా స్వల్పముగా నుండి మోసపుచ్చును. నైకాన్ ఎఫ్ లెన్సును కానన్ ఈఎఫ్ కెమెరాకు రెండున్నర మిల్లీమీటర్ల పలుచని కడియముతో తగిలింపవచ్చును. కాని కానన్ వారిదే పాత ఎఫ్‌డీ లెన్సు 42 మిల్లీమీటర్ల దూరమునకు చేయబడినది. అదే సంస్థ ఈఎఫ్ కెమెరాకు తగిలించుటకు రెండు మిల్లీమీటర్లు చాలవు. అట్టి అడాప్టర్లలో ఒక అద్దము పెట్టి లోటు పూరించుదురు. ఆ చవుక అద్దము మంచి లెన్సు గుణమును చెరచును. ఇట్టివి కొనవద్దని నా సలహా.

అడాప్టరు మందములో దోషమున్నచో ఏమగును? 50 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల లెన్సునకు అడాప్టరు మిల్లీమీటరులో పదవ వంతు ఎక్కువ మందమైనచో, ఆ లెన్సు సుమారు 25 మీటర్లకు మించిన దూరమున నున్న వస్తువును సరిగా ఫోకసు చేయలేదు. 28 మిల్లీమీటర్ల వెడల్పు లెన్సునకైతే ఆ హద్దు సుమారు 8 మీటర్లకు పడిపోవును. కాగితము మందమంత దోషము సభాస్థలి సగమును మసకబార్చునన్న మాట. ఈ కారణముచేతనే పెక్కు అడాప్టర్లను కావలసిన దాని కంటె రవ్వంత పలుచగా చేయుదురు. పలుచనైనచో ఫోకసు కడియము అనంతపు గుర్తును దాటి పోవును గాని, దూరపు వస్తువు అందకపోదు. అయితే లెన్సుపై చెక్కిన మీటర్ల గుర్తులను నమ్మరాదు. తెరపై చూచియే ఫోకసు చేసికొనవలెను.

పాత లెన్సును క్రొత్త కెమెరాకు తగిలించి మీట నొక్కగా కెమెరా “లెన్సు లేదు” అని మొరాయించుట కలదు. కొందరు దీనిని చూచి అడాప్టరు చెడినదని త్రిప్పి పంపినారు. సాధారణపు అడాప్టరులో విద్యుత్ స్పర్శలు లేవు గనుక లెన్సు వచ్చినట్లు కెమెరాకు తెలియదు. ఇట్టి కెమెరాల మెనూలో లెన్సు లేకున్నను చిత్రము తీయుటకు అనుమతించు ఏర్పాటొకటి ఉండును. దానిని ఒకమారు తెరచిన చాలును. కెమెరాలో కుదుపును అణచు ఏర్పాటున్నచో లెన్సు నాభ్యంతరమును కూడ మన చేతితోనే మెనూలో నమోదు చేయవలెను. 135 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి 50 అని వ్రాసినచో అణచవలసిన కుదుపు సరిగా అణగదు.

లెన్సు లోపలి కంతను, అనగా అపెర్చరును, త్రిప్పు కడియము సంగతి ఇంతకంటె ముఖ్యము. పాత నైకాన్, పెంటాక్స్ లెన్సులపై 2, 2.8, 4, 5.6, 8 అని అంకెలు చెక్కిన కడియముండును. దానిని చేతితో త్రిప్పగా కంత చిన్నది, పెద్దది అగును. అంకె పెరిగినకొలది కంత చిన్నదగును. ఒక్కొక్క మెట్టునకు వెలుతురు సగమై పోవును. ఇట్టి లెన్సులు అడాప్టరుతో చక్కగా పనిచేయును. నైకాన్ వారి తరువాతి లెన్సులలో ‘జీ’ అను అక్షరము గలవానిపై ఈ కడియము లేదు. వాటికి అడాప్టరునందే కంతను త్రిప్పు కడియమున్నది చూచి తెచ్చుకొనవలెను. కానన్ ఈఎఫ్ లెన్సులతో చిక్కు మరింత పెద్దది. వాటి కంత విద్యుత్తుతోనే కదలును. సాధారణపు గొట్టపు అడాప్టరు పెట్టినచో కంత పూర్తిగా తెరచుకొనియే యుండును, మార్చుటకు వీలులేదు. అట్టి లెన్సులకు విద్యుత్ స్పర్శలు గల అడాప్టరు తప్పనిసరి, అది ఖరీదైనది. ఎం-42 లెన్సులలో కొన్నిటికి వెనుక చిన్న సూది వంటి పుల్ల యుండును. అది లోనికి నొక్కబడినప్పుడే కంత మూసికొనును. దానిని నొక్కి పట్టు అంచు గల అడాప్టరు కావలెను.

తనంత తానుగా ఫోకసు చేసికొను లెన్సులున్నవారు ఇంకొక్క సంగతి గమనింపవలెను. నైకాన్ వారు 2018లో జెడ్ కెమెరాలతో పాటు విడుదల చేసిన ఎఫ్‌టీజెడ్ అడాప్టరులో మోటారు లేదు. లెన్సులోనే మోటారున్నవి దానితో తామే ఫోకసు చేసికొనును. కెమెరా మోటారుపై ఆధారపడు పాత ఏఎఫ్-డి లెన్సులకు మాత్రము ఫోకసు చేతితోనే చేయవలెను. స్టూడియోలలో విరివిగా కనిపించు 50 మిల్లీమీటర్ల ఏఎఫ్-డి లెన్సు ఈ కోవలోనిదే.

మరియొక భ్రమను కూడ తొలగింపవలెను. 50 మిల్లీమీటర్ల లెన్సు ఏ కెమెరాకు తగిలించినను 50 మిల్లీమీటర్ల లెన్సే. కాని దాని వెనుకనున్న పలక చిన్నదైనచో, చిత్రపు నడిమి భాగము మాత్రమే మనకు దక్కును. పాత ఫిల్ము ముక్క వెడల్పు 36 మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ అను తరగతి పలక వెడల్పు సుమారు 23.5, పానసోనిక్ జీ-1 తరగతి పలక వెడల్పు 17.3. పది మీటర్ల దూరమున 50 మిల్లీమీటర్ల లెన్సు మొదటి దానిపై 7.2 మీటర్ల వెడల్పు గల దృశ్యమును చూపగా, రెండవ దానిపై 4.7 మీటర్లును, మూడవ దానిపై దాదాపు 3.5 మీటర్లును మాత్రమే చూపును. సభ మొత్తమును చూపవలెనన్నచో ఇది నష్టము. మాట్లాడు మనిషిని చూపవలెనన్నచో లాభము. 135 మిల్లీమీటర్ల పాత లెన్సును ఏపీఎస్-సీ కెమెరాకు తగిలించి పది మీటర్ల దూరమున నిలిచినచో దృశ్యపు వెడల్పు సుమారు 1.7 మీటర్లు, ఎత్తు ఒక మీటరు. మనిషి తల నుండి నడుము వరకు, చేతిలోని కాగితముతో సహా, నిండుగా కనిపించును. నా ఎరుకలో గ్రామసభకు ఇంతకంటె అనుకూలమైన జత లేదు.

పలక చిన్నదగుటచే కలిగిన నష్టమును కొంత పూరించుటకు అద్దములు గల అడాప్టరు ఒకటి యున్నది. మెటాబోన్స్ సంస్థ దానిని 2013లో ‘స్పీడ్ బూస్టర్’ అను పేర తెచ్చినది. అది లెన్సు చూపు చిత్రమును 0.71 వంతునకు కుదించి పలకపై వేయును. 50 మిల్లీమీటర్ల లెన్సు 35.5 మిల్లీమీటర్ల దానివలె వెడల్పుగా చూచును, వెలుతురు రెండింతలగును. ఇది ఉపయోగకరమే గాని, పంచాయతి మొదట కొనవలసిన వస్తువు కాదు.

ఇక నాకు జరిగిన దానిని దాచక చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట చెరువు శిఖము భూమి సర్వేపై ఒక గ్రామములో జరిగిన సభను నేను స్వయముగా చిత్రించితిని. 135 మిల్లీమీటర్ల పాత లెన్సు, చవుక అడాప్టరు. మాట్లాడువారు నిలుచు చోటు నొకటి, అధికారుల బల్ల నొకటి ముందుగా ఫోకసు చేసి, లెన్సు కడియముపై రెండు కాగితపు ముక్కలు అంటించి గుర్తులు పెట్టుకొంటిని. సభ సగము జరిగిన తరువాత ఒక వృద్ధురాలు లేచి, తన పాసు పుస్తకము తెరచి చూపుచు, ఏ గట్టు నుండి ఏ గట్టు వరకు తన భర్త దున్నినాడో పావుగంట సేపు చెప్పినది. కూర్చొనబోవుచు నా వైపు తిరిగి, “బాబూ, నా మాట పడిందా?” అని అడిగినది. పడినదని చెప్పితిని.

ఇంటికి పోయి చూచుకొనగా మాట పడినది, మనిషి పడలేదు. ఆమె వెనుకనున్న గోడపై క్యాలెండరు అంకెలు ముత్యములవలె స్పష్టముగా నున్నవి. ఆమె ముఖము, పాసు పుస్తకము పొగలో నున్నట్లున్నవి. కారణము వెదకగా, అడాప్టరునకును లెన్సునకును నడుమ బండి చక్రము ఇరుసుపై ఆడినట్లు కొంచెము ఆట యున్నది. నేను ఫోకసు కడియమును త్రిప్పిన ప్రతిసారి, మొదట లెన్సు మొత్తము ఆ ఆట మేరకు తిరిగి, ఆ తరువాతనే కడియము కదలుచున్నది. కాగితపు గుర్తులు సరిపడినట్లే కనబడినవి. లోపల గాజు మాత్రము సరిపడలేదు. కెమెరా చిన్న తెర పగటి వెలుతురులో నాకు ఆ తేడాను చూపలేదు. చూచుటకు నేను ప్రయత్నింపను లేదు. ఆమెను మరల పిలిపించి చెప్పించినాము. వచ్చినది, చెప్పినది. కాని ఆ గట్ల పేర్లు రెండవసారి సగమే వచ్చినవి. “చెప్పిందే కదా బాబూ, మళ్ళీ ఎందుకు?” అన్న ఆమె ప్రశ్నకు నేను సమాధానము చెప్పలేకపోతిని.

అప్పటి నుండి అడాప్టరు కొనునపుడు నేను ధర కంటె ముందు దాని బిగింపును చూచుచున్నాను. లెన్సును తగిలించి, ఒక చేత కెమెరాను, ఒక చేత లెన్సును పట్టి కుడి ఎడమలకు మెల్లగా త్రిప్పి చూచినచో ఆట యున్నది లేనిది తెలియును. ఫోటోకు ఈ ఆట పెద్ద లోపము కాదు, ఒక్క క్షణము నిలిచిన చాలును గనుక. వీడియోలో ఫోకసు మార్చినప్పుడెల్ల చిత్రము ఒక ప్రక్కకు ఎగిరిపడుట కనబడును. బరువైన పొడవు లెన్సు అడాప్టరుపై వ్రేలాడుచు మౌంటును క్రిందికి లాగును. అట్టి లెన్సునకు కాలు ఉన్నచో స్టాండు మరను కెమెరాకుగాక ఆ కాలికే బిగింపవలెను.

సభలో చిత్రించు పద్ధతిని గూర్చి కొంత చెప్పవలసి యున్నది. మన దేశములో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తములతో ప్రవహించును. అందుచేత ట్యూబులైటు వెలుతురు సెకనుకు నూరు మారులు హెచ్చుతగ్గులగుచుండును. కన్ను దానిని గుర్తింపదు గాని కెమెరా గుర్తించును. సెకనుకు 25 చిత్రముల వేగమున, షట్టరును సెకనులో 50వ వంతున నిలిపినచో ఆ మినుకు కనబడదు. కొందరు కెమెరాను సెకనుకు 30 చిత్రములకు, షట్టరును 60వ వంతునకు పెట్టి, తరువాత తెరపై చారలు ప్రాకుచున్నవని లైట్లను నిందింతురు.

షట్టరు ఇట్లు స్థిరపడినచో వెలుతురును కంతతోను, కెమెరా గ్రహణశక్తితోను మాత్రమే సరిచేయవలెను. రాత్రి సభలో పాత లెన్సు పెద్ద కంత మనలను కాపాడును. నడి యెండలో అదే చిక్కు తెచ్చును. మిట్టమధ్యాహ్నపు ఎండలో గ్రహణశక్తి 100 నొద్ద, షట్టరు 50వ వంతు నొద్ద నున్నపుడు కంతను 22 అంకె వరకు మూయవలసి వచ్చును. 2.8 అంకెను వాడదలచినచో వెలుతురులో 64వ వంతును మాత్రమే లోనికి విడుచు నల్లని ఫిల్టరును లెన్సు ముందు బిగింపవలెను. పందిరి నీడలో సభ జరుపుట ఇంతకంటె సులభమని వేరుగ చెప్పనక్కరలేదు.

పెద్ద కంత ఉన్నదని ఎల్లప్పుడు దానినే వాడుట మంచిది కాదు. పూర్తి ఫిల్ము కొలత పలకపై, 50 మిల్లీమీటర్ల లెన్సును 1.4 అంకె నొద్ద ఉంచి మూడు మీటర్ల దూరమున ఫోకసు చేసినచో, స్పష్టముగా నుండు లోతు సుమారు 30 సెంటీమీటర్లు మాత్రమే. మాట్లాడు మనిషి ఒక అడుగు ముందుకు వేసిన ముఖము మసకబారును. 5.6 అంకె నొద్ద ఆ లోతు ఒక మీటరు దాటును. పెండ్లి వీడియోలలో వెనుక దీపములు గుండ్రని పూలవలె కనబడుట అందముగా నుండవచ్చును. సభలో వెనుకనున్నది ఎవరో కూడ తెలియవలసి యుండును. ఫోకసు పడిన అంచులను రంగు గీతలతో చూపు ఏర్పాటు, తెరపై చిత్రమును పెద్దది చేసి చూపు ఏర్పాటు ఇప్పటి కెమెరాలలో పెక్కింటికి ఉన్నవి. చేతితో ఫోకసు చేయువారికి అవి కన్నులవంటివి.

శబ్దము లెన్సు విషయము కాదు. అయినను కెమెరాకు ఉన్న మైకును నమ్మి పది మీటర్ల దూరమున నిలుచుట తగదని ఒక్క మాట చెప్పి విడిచెదను. మైకు మాట్లాడువారి దగ్గర నుండవలెను.

స్టూడియో బీరువా నుండి లెన్సును తీసికొనునపుడు చూడవలసినది బూజు. కోస్తా జిల్లాల చెమ్మ గాలిలో, తోలు పెట్టెలో మూసియుంచిన లెన్సు గాజుపై సాలెగూటి తీగలవలె అది ప్రాకును. కంత పూర్తిగా తెరచి, వెనుకనుండి టార్చి వెలుతురు వేసి చూచినచో కనబడును. అంచున రవ్వంత ఉన్నచో చిత్రమునకు అంతగా హాని లేదు. నడుమ మబ్బువలె క్రమ్మియున్నచో ఆ లెన్సును వదలివేయుటే మేలు. కంత రెక్కలపై నూనె మెరుగు ఉన్నదా, కడియము త్రిప్పగనే రెక్కలు కదలుచున్నవా చూడవలెను. 1960వ, 70వ దశకములలోని కొన్ని జపాను లెన్సుల గాజులో థోరియము కలిపినారు. కాలక్రమమున అట్టి గాజు తేనె రంగునకు తిరుగును. అవి స్వల్పముగా రేడియోధార్మికములు. లెన్సుగా వాడుటకు భయము లేదుగాని, పగులగొట్టి పిల్లలకు భూతద్దముగా ఇచ్చుట తగదు. లెన్సులను సిలికాజెల్ పొట్లములతో బిగుతు మూత గల డబ్బాలో దాచుట అలవాటు చేసికొనవలెను.

సభకు ముందునాటి సాయంకాలము, చీకటి పడకముందే, ఒక గంట ఈ పరీక్షకు కేటాయింపవలెను. లెన్సును, అడాప్టరును బిగించి, ఊరి నీళ్ల ట్యాంకు వంటి దూరపు వస్తువును పూర్తి కంతతో చూడవలెను. దానిపై వ్రాసిన అక్షరములు తేరుకొన్నచో అడాప్టరు మందము సరిపోయినట్లే. తరువాత సభాస్థలికి పోయి, మాట్లాడువారు నిలుచు చోట ఒక మనిషిని వార్తాపత్రికతో నిలువబెట్టి, రెండు నిమిషములు చిత్రించి, కెమెరా తెరపై గాక ఇంటనున్న టీవీపైనో కంప్యూటరుపైనో పెద్దదిగా చూడవలెను. పత్రికలోని శీర్షికలు చదువ వీలగుచున్నవో లేదో చూచుకొనవలెను. మాట్లాడువారు నిలుచు చోట నేలపై సుద్దతో గీత గీయవలెను. ఆ తరువాత లెన్సును కెమెరా నుండి విప్పక, అట్లే సంచిలో భద్రపరచి మరునాడు తేవలెను.